బలహీన సంకేతాలు వినడానికి ఏజీసీ ఎంతవరకు సాయపడుతుంది?

మీరు అడిగిన దానిని ముందు క్లుప్తంగా చెబుతాను. తిరుపతిలో మీ ఇంటి మేడ మీద హామ్ రేడియో వినడానికి ఏడు మెగాహెర్ట్జ్‌కు సరిపోయే డైపోల్ యాంటెన్నా కట్టుకుని, బిట్‌ఎక్స్ అనే సర్క్యూట్ పద్ధతిలో ఒక సింగిల్ సైడ్‌బ్యాండ్ రిసీవర్ చేసుకున్నారు. దూరపు స్టేషన్లు ఇంకా బాగా వినబడతాయన్న ఆశతో దానికి ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ (ఏజీసీ), అంటే రిసీవర్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో (గెయిన్) సంకేతం బలాన్ని బట్టి దానంతట అదే సవరించే ఏర్పాటు, కలిపారు. ఆడియో యాంప్లిఫయర్ తర్వాత రెండు డయోడ్లతో రెక్టిఫై చేసి, ఆ వోల్టేజీతో 2ఎన్7000 అనే ఎఫ్‌ఈటీ ట్రాన్సిస్టర్ గేటును నడిపి, అది ఆడియోను భూమికి మళ్లించేలా అమర్చారు. ఇప్పుడు బ్యాండు ఖాళీగా ఉన్నప్పుడు రొద హోరెత్తిపోతోంది. చెన్నై నుంచో బెంగళూరు నుంచో గట్టి స్టేషన్ మాట్లాడగానే అంతవరకు సన్నగా వినబడుతున్న అస్సాం, అండమాన్ స్టేషన్లు మాయమై, రెండు మూడు సెకన్ల తర్వాత గాని తిరిగి రావడం లేదు. బలహీన సంకేతాలు పట్టుకోవాలంటే ఏజీసీలో ఏం మార్చాలి, కెపాసిటర్లకు ఏ విలువలు వాడాలి, కంప్యూటర్‌తో ఎఫ్‌టీ8 అనే డిజిటల్ సందేశ పద్ధతిని వినేటప్పుడు ఏజీసీ ఉంచాలా తీసేయాలా అన్నవి మీ ప్రశ్నలు.

బలహీన సంకేతాన్ని ఏజీసీ పట్టివ్వదు. అది గట్టి సంకేతాలను అదుపులో పెట్టడానికి పుట్టిన ఏర్పాటు. ఒక సంకేతం రొదలోంచి బయటపడుతుందా లేదా అన్నది యాంటెన్నా దగ్గరికి వచ్చిన రొద, మొదటి దశ సొంతంగా కలిపే రొద, ఫిల్టర్ వెడల్పు అన్న మూడింటితోనే తేలిపోతుంది. ఆ తర్వాత గెయిన్ ఎంత పెంచినా, ఎంత తగ్గించినా సంకేతమూ రొదా కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. కాబట్టి బలహీన స్టేషన్లు వినాలనుకునేవారు ఏజీసీని మరింత చురుకుగా చేయడానికి ప్రయత్నించకూడదు. బలహీన సంకేతం వచ్చినప్పుడు ఏజీసీ పూర్తిగా తప్పుకుని ఉండేలా, గట్టి సంకేతం వచ్చినప్పుడు మాత్రమే, అదీ అవసరమైనంత మేరకే, పనిచేసేలా దాన్ని అమర్చుకోవాలి. కింద నేను రాసేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. హెరాల్డ్ వీలర్ అనే అమెరికన్ ఇంజనీరు 1925లో దీన్ని కనిపెట్టినప్పుడు ఆయన ముందున్న సమస్య బ్రాడ్‌కాస్ట్ శ్రోతలది. దగ్గరి స్టేషన్ నుంచి దూరపు స్టేషన్‌కు ట్యూనింగ్ తిప్పినప్పుడల్లా వాల్యూమ్ సవరించుకోవలసి వచ్చేది. రాత్రిపూట అయనోస్ఫియర్ మీంచి వచ్చే సంకేతం పెరుగుతూ తరుగుతూ ఉంటే ఆ హెచ్చుతగ్గులన్నీ స్పీకర్‌లోనూ వినబడేవి. ఏఎం ప్రసారంలో ధ్వనిని మోసే క్యారియర్ తరంగం ఎప్పుడూ ఉంటుంది కనుక, డయోడ్ డిటెక్టర్ దగ్గర ఆ క్యారియర్ బలానికి అనుగుణమైన డీసీ వోల్టేజీ ఉచితంగా దొరుకుతుంది. దాన్నే రుణ వోల్టేజీగా ముందరి వాల్వుల గ్రిడ్లకు తిరిగి పంపితే గెయిన్ దానంతట అదే తగ్గుతుంది. మంచి రిసీవర్‌లో యాంటెన్నా దగ్గర ఒక మైక్రోవోల్ట్ నుంచి 100 మిల్లీవోల్టుల దాకా, అంటే 100 డీబీ (డెసిబెల్, బలాల నిష్పత్తిని చెప్పే కొలత) మేర, సంకేతం మారినా చెవికి చేరే ధ్వనిలో కొద్ది డీబీల తేడా మాత్రమే కనిపించేలా చేయవచ్చు. చిత్తూరులో రాత్రివేళ మీడియం వేవ్ మీద దూరపు స్టేషన్ వింటున్నప్పుడు ఇది చేసే ఉపకారం గొప్పది. అయితే ఆ ఉపకారమంతా రొద కంటే ఎంతో పైనున్న సంకేతాలకే.

మీరు వాడుతున్న సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో క్యారియరే ఉండదు. మాట్లాడుతున్నప్పుడే సంకేతం ఉంటుంది, మాటకూ మాటకూ మధ్య రొద మాత్రమే మిగులుతుంది. కాబట్టి ఏజీసీకి కొలవడానికి స్థిరమైనదేదీ దొరకదు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సర్క్యూట్ మూల రూపంలో ఏజీసీ లేదు. చాలామంది దాన్ని ఒక లోటుగా చూస్తారు గాని, బలహీన సంకేతాలు వినడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి రిసీవర్ లేదని నా అభిప్రాయం. సంకేతం ఎంత వస్తే అంతే వినబడుతుంది, మధ్యలో ఎవరూ చేయి పెట్టరు.

ఇప్పుడు లెక్కలోకి వెళదాం, ఎందుకంటే మీ సమస్యకు కారణం అంకెల్లోనే కనబడుతుంది. సాధారణ గది ఉష్ణోగ్రత దగ్గర ఏ నిరోధకమైనా ఇచ్చే ఉష్ణ రొద ఒక హెర్ట్జ్ వెడల్పుకు మైనస్ 174 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీలలో చెప్పే శక్తి). మీ క్రిస్టల్ ఫిల్టర్ వెడల్పు 2.4 కిలోహెర్ట్జ్ అనుకుంటే దానికి సుమారు 34 డీబీ కలపాలి, అప్పుడు మైనస్ 140 అవుతుంది. ఇంట్లో చేసుకున్న రిసీవర్‌కు నాయిస్ ఫిగర్, అంటే అది సొంతంగా కలిపే రొదకు కొలత, 10 డీబీ అనుకున్నా మైనస్ 130 డీబీఎం, అంటే 50 ఓమ్‌ల మీద సుమారు 0.07 మైక్రోవోల్ట్. రిసీవర్ సొంత రొద ఇంత చిన్నది.

కానీ ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర యాంటెన్నా తెచ్చే రొద దీనికంటే ఎన్నో రెట్లు పెద్దది. మనుషుల పరికరాల వల్ల పుట్టే రొదకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సూత్రం ప్రకారం, నివాస ప్రాంతంలో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర అది ఉష్ణ రొద కంటే సుమారు 49 డీబీ ఎక్కువ, పల్లెలో సుమారు 44 డీబీ ఎక్కువ. అంటే 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పులో పట్నంలో మైనస్ 91 డీబీఎం, పల్లెలో మైనస్ 96 డీబీఎం దగ్గర రొద నిలబడి ఉంటుంది. సంకేతం బలం చూపే ఎస్-మీటర్ భాషలో చెప్పాలంటే, ఎస్9ను 50 మైక్రోవోల్టులుగా, అంటే మైనస్ 73 డీబీఎంగా, ఒక్కో ఎస్‌ను 6 డీబీగా తీసుకుంటే పట్నపు రొద సరిగ్గా ఎస్6. ఇవి మధ్యస్థ విలువలు, వాటికి ఆధారమైన కొలతలు పాతవి. ఈనాటి ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, చౌక మొబైల్ ఛార్జర్లు నిండిన వీధిలో రొద ఇంతకంటే ఎక్కువగానే ఉండవచ్చు. పల్లెలకు వెళ్తే కొంత తగ్గుతుంది గాని, వ్యవసాయ మోటార్ల స్టార్టర్లు, వదులైన ఇన్సులేటర్లున్న కరెంటు స్తంభాలు అక్కడా ఉన్నాయి.

మీ రిసీవర్ సొంత రొద మైనస్ 130 దగ్గర, యాంటెన్నా తెచ్చే రొద మైనస్ 91 దగ్గర ఉన్నాయి. రెండింటి మధ్య 39 డీబీ ఖాళీ ఉంది. యాంటెన్నా దగ్గర 10 డీబీ, ఆఖరికి 20 డీబీ అటెన్యుయేటర్ (వచ్చే సంకేతాన్ని తగ్గించే భాగం) పెట్టినా వినగలిగే అతి బలహీన సంకేతం విషయంలో మీరు కోల్పోయేది ఏమీ ఉండదు, ఎందుకంటే సంకేతంతో పాటు బయటి రొద కూడా అంతే తగ్గుతుంది, లోపలి రొద ఇంకా చాలా కిందే ఉంటుంది. బలహీన సంకేతం కోసం గెయిన్ తగ్గించమంటే మొదట ఎవరికైనా నమ్మశక్యం కాదు. కానీ ఏడు మెగాహెర్ట్జ్ మీద నేను చెప్పగలిగిన అత్యంత ఉపయోగకరమైన సలహా ఇదే.

ఇక మీ ఏజీసీ సంగతి. అది యాంటెన్నా దగ్గర ఒక మైక్రోవోల్ట్, అంటే మైనస్ 107 డీబీఎం, దాటగానే పనిచేయడం మొదలుపెడుతోందని అనుకుందాం. రొద ఒక్కటే మైనస్ 91 దగ్గర ఉంది. అంటే ఏ స్టేషన్ లేకపోయినా మీ ఏజీసీ రొద మీదనే 16 డీబీ మేర పనిచేస్తూ, రొదను పూర్తి వాల్యూమ్ దగ్గర నిలబెడుతోంది. మీరు వింటున్న హోరు ఇదే. దాని వెనుక ఇంకో నష్టం దాగి ఉంది. రొదతో సమానమైన బలంతో ఒక సంకేతం వస్తే మొత్తం బలం 3 డీబీ పెరగాలి. ఏజీసీ పనిచేస్తున్న రిసీవర్‌లో ఆ 3 డీబీని కూడా అది లాగేస్తుంది, కాబట్టి మొత్తం ధ్వని పెరిగినట్టు చెవికి తెలియదు. సంకేతం వచ్చిపోతున్నప్పుడు కలిగే ఆ చిన్న ఉబ్బును చూసే మన మెదడు అక్కడేదో ఉందని గుర్తుపడుతుంది. ఏజీసీ ఆ గుర్తును చెరిపేస్తోంది. మోర్స్ వినేవారికి ఇది మరీ ముఖ్యం. ఒకే స్వరాన్ని వినేటప్పుడు మన చెవి తనంతట తానే సుమారు 100 హెర్ట్జ్ వెడల్పున్న ఫిల్టర్‌లా పనిచేస్తుంది, కాబట్టి 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పులో రొద కంటే 10 డీబీ కింద ఉన్న స్వరాన్ని కూడా అలవాటైన చెవి పట్టుకోగలదు. రొద స్థాయి కదలకుండా ఉన్నప్పుడే చెవికి ఆ పని సాధ్యమవుతుంది.

మన ప్రాంతంలో దీనికి తోడు ఉరుములు. వేసవి సాయంత్రాలలోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలోనూ ఏడు మెగాహెర్ట్జ్ బ్యాండు పటపటలతో నిండి ఉంటుంది. ఒక్కో మెరుపు ఇచ్చే పటపట ఉండేది సెకనులో కొద్ది భాగమే. కానీ అది మీ ఏజీసీ కెపాసిటర్‌ను నిండా నింపేస్తే, అది ఖాళీ అయ్యేదాకా రిసీవర్ చెవిటిదైపోతుంది. డికే, అంటే గెయిన్ తిరిగి పైకి రావడానికి పట్టే కాలం, రెండు సెకన్లు పెట్టుకుని, మెరుపులు ప్రతి సెకనుకూ వస్తూ ఉంటే ఆ రిసీవర్‌కు తేరుకునే అవకాశమే ఉండదు. ఆ సాయంత్రం బ్యాండు చచ్చిపోయిందని చాలామంది రేడియో కట్టేసి లేచిపోతారు. ఏజీసీ తీసేసి వింటే అదే బ్యాండులో పటపటల మధ్య సంభాషణలు స్పష్టంగా ఉంటాయి.

కాబట్టి మొట్టమొదట చేయవలసింది ఏజీసీ పనిచేయడం మొదలయ్యే స్థాయిని రొద కంటే పైకి తీసుకెళ్లడం. పాత కమ్యూనికేషన్ రిసీవర్లలో దీన్నే డిలేడ్ ఏజీసీ అనేవారు. ఆ పేరులోని ఆలస్యం కాలానికి సంబంధించినది కాదు, వోల్టేజీకి సంబంధించినది: సంకేతం ఒక నిర్ణీత బలం దాటేదాకా ఏజీసీ వోల్టేజీ అసలు పుట్టదు. మీ సర్క్యూట్‌లో ఇది దానంతట అదే కొంత ఉంది, ఎందుకంటే సిలికాన్ డయోడ్లు ఒక్కొక్కటి 0.6 వోల్టు దాకా కదలవు, 2ఎన్7000 కూడా గేటు వోల్టేజీ ఒక స్థాయి దాటాక గాని పట్టు ఇవ్వదు. అయితే ఆ స్థాయి డేటాషీటు ప్రకారం 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఒకే పొట్లంలో కొన్న రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా ఉంటాయన్న భరోసా లేదు. అందువల్ల దాన్ని అదృష్టానికి వదిలేయకుండా, రెక్టిఫయర్‌లోకి వెళ్లే ఆడియోను 10 కిలోఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి సరిచేసుకునే చిన్న నిరోధకం) ద్వారా పంపండి. రెక్టిఫయర్‌కు ఆడియో తీసుకునే చోటు తప్పనిసరిగా వాల్యూమ్ కంట్రోల్‌కు ముందు ఉండాలి. వాల్యూమ్ తర్వాత తీసుకుంటే మీరు వాల్యూమ్ తిప్పినప్పుడల్లా ఏజీసీ మొదలయ్యే స్థాయి కూడా మారిపోతుంది, ప్రీసెట్ పెట్టి ప్రయోజనం ఉండదు.

ఏజీసీని ఎక్కడ అమర్చాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఏజీసీ దేన్ని కొలుస్తుందో దానికే లొంగుతుంది. మీ క్రిస్టల్ ఫిల్టర్ 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు ఉండి, మోర్స్ కోసం దాని తర్వాత ఆడియోలో సన్న ఫిల్టర్ పెట్టారనుకోండి. రెక్టిఫయర్ ఆ సన్న ఫిల్టర్‌కు ముందుంటే, 800 హెర్ట్జ్ అవతల ఉన్న గట్టి స్టేషన్ మీ చెవికి వినబడదు గాని ఏజీసీకి వినబడుతుంది. అప్పుడు మీరు వింటున్న బలహీన స్టేషన్ కనబడని ఎవరి మోర్స్ కీ నొక్కుళ్లకో తగ్గట్టు కుంగుతూ లేస్తూ ఉంటుంది. దీనికి పరిష్కారం కొలత తీసుకునే చోటును అన్నిటికంటే సన్నని ఫిల్టర్ తర్వాతికి మార్చడమే. అయితే అలా మార్చిన మరుక్షణం ఇంకో బాధ్యత మీ మీద పడుతుంది: ఫిల్టర్‌కు ముందున్న మిక్సర్‌ను, ఆర్‌ఎఫ్ దశను గట్టి సంకేతాల నుంచి కాపాడేవారు ఎవరూ ఉండరు. ఖరీదైన రిసీవర్లలో ఇందుకే రెండు ఏజీసీ వలయాలు ఉంటాయి, ఒకటి ఫిల్టర్లన్నింటి తర్వాత ధ్వని కోసం, రెండోది ముందు దశలు మునిగిపోకుండా. ఇంట్లో చేసుకున్న రిసీవర్‌లో రెండోదాని పని యాంటెన్నా దగ్గరి అటెన్యుయేటర్ స్విచ్ చక్కగా చేస్తుంది. మీ అమరికలో గెయిన్ తగ్గేది ఆడియోలో మాత్రమే కనుక ఐఎఫ్ దశ (మిక్సర్ తర్వాత, ఆడియోకు ముందు ఉండే దశ) మునిగిపోయే ప్రమాదం అలాగే ఉంది. చెన్నై స్టేషన్ మాట గరగరలాడుతూ వినబడితే అది ఏజీసీ లోపం అనుకోకండి, అటెన్యుయేటర్ వేసి చూడండి.

ముందుముందు ఐఎఫ్‌లో ఏజీసీ పెట్టాలనుకుంటే ఎంసీ1350 వంటి చిప్ సుమారు 60 డీబీ పరిధి ఇస్తుంది. ఇప్పుడు తయారీ లేదు గాని పాత సరుకు దొరుకుతుంది. నియంత్రణ వోల్టేజీకి తగ్గట్టు గెయిన్ డీబీలలో సమానంగా మారే చిప్‌లు దొరికితే ఇంకా మేలు. వాటితో వలయపు వేగం సంకేతం బలంతో పాటు మారిపోదు, కాబట్టి బలహీన స్టేషన్‌కు ఒకలా, గట్టి స్టేషన్‌కు ఒకలా ప్రవర్తించదు.

మొదటి దశ గెయిన్‌ను మాత్రం ఏజీసీకి చివరగా అప్పగించండి. హారాల్డ్ ఫ్రిస్ 1944లో ప్రచురించిన సూత్రం ప్రకారం తర్వాతి దశల రొద మొదటి దశ గెయిన్‌తో భాగింపబడి లెక్కకు వస్తుంది. మొదటి దశకు 15 డీబీ గెయిన్, 3 డీబీ నాయిస్ ఫిగర్, తర్వాతి వాటన్నిటికీ కలిపి 13 డీబీ నాయిస్ ఫిగర్ ఉంటే మొత్తం సుమారు 4 డీబీ వస్తుంది. ఏజీసీ ఆ మొదటి దశ గెయిన్‌ను సున్నా డీబీకి దించితే మొత్తం 13 డీబీ దాటిపోతుంది, అంటే 9 డీబీ పోగొట్టుకున్నట్టే. ఏడు మెగాహెర్ట్జ్ మీద బయటి రొద దీన్ని మింగేస్తుంది కనుక మీకు ఇప్పుడు పట్టింపు లేదు. కానీ 144 మెగాహెర్ట్జ్‌కు వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ అదే సూత్రం ప్రకారం పల్లెలో మానవ కల్పిత రొద ఉష్ణ రొద కంటే సుమారు 7 డీబీ మాత్రమే ఎక్కువ, కాబట్టి మొదటి దశలోని ప్రతి డీబీకీ విలువ ఉంటుంది. తిరుపతిలో ఉత్తరం వైపు శేషాచలం కొండలు అడ్డుగా నిలబడి ఉండగా, ఆ దిక్కు నుంచి వచ్చే వీహెచ్‌ఎఫ్ సంకేతాలు ముందే నీరసించి వస్తాయి. వాటిని వినేటప్పుడు ఏజీసీ మొదటి దశను ముట్టుకోకుండా చూసుకోవాలి.

కెపాసిటర్ విలువల విషయం. అటాక్, అంటే గట్టి సంకేతం రాగానే గెయిన్ పడిపోయే వేగం, కొద్ది మిల్లీసెకన్లు ఉంటే చాలు. ఆడియో నుంచి తీసుకునే ఏజీసీకి అంతకంటే వేగం సాధ్యం కూడా కాదు, ఎందుకంటే 300 హెర్ట్జ్ స్వరంలో ఒక శిఖరానికీ తర్వాతి వ్యతిరేక శిఖరానికీ మధ్యే 1.67 మిల్లీసెకన్లు పడుతుంది. ఫిల్టర్ వల్ల జరిగే ఆలస్యం కూడా వలయంలో ఉన్నప్పుడు దానికంటే వేగంగా లాగబోతే ఏజీసీ అవసరమైన దానికంటే కిందికి గుంజి, మళ్లీ వదిలి, మళ్లీ గుంజుతూ ఊగిసలాడుతుంది. సన్నని మోర్స్ ఫిల్టర్ పెట్టినప్పుడు ఈ గొడవ ఎక్కువవుతుంది. డికే విషయంలో సంభాషణకు ఒక సెకను ప్రాంతం, మోర్స్‌కు 0.2 సెకను ప్రాంతం సరిపోతాయి. 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను ఒక కిలోఓమ్ ద్వారా నింపి, 220 కిలోఓమ్‌ల ద్వారా ఖాళీ చేస్తే అటాక్ 4.7 మిల్లీసెకన్లు, డికే ఒక సెకను వస్తాయి. మీకు రెండు మూడు సెకన్లు పడుతోందంటే ఖాళీ చేసే నిరోధకం పెద్దదై ఉండాలి, లేదా గేటు దగ్గర అసలు పెట్టనే లేదు. ఎఫ్‌ఈటీ గేటు కరెంటు తీసుకోదు కనుక, ఆ నిరోధకం లేకపోతే కెపాసిటర్ తనలోని లీకేజీతో తప్ప ఖాళీ కాదు. ముందు దాన్ని చూడండి.

ఉరుముల కాలానికి దీనికంటే మెరుగైన పద్ధతి రెండు కెపాసిటర్ల దారి. ఒక దారిలో 0.1 మైక్రోఫారడ్, ఒక మెగాఓమ్ పెట్టండి. అది వెంటనే నిండి 0.1 సెకనులో ఖాళీ అవుతుంది. రెండో దారిలో 10 మైక్రోఫారడ్‌ను 10 కిలోఓమ్‌ల ద్వారా నింపి, 220 కిలోఓమ్‌ల ద్వారా ఖాళీ చేయండి. ఇది నిండడానికి 0.1 సెకను, ఖాళీ కావడానికి 2.2 సెకన్లు తీసుకుంటుంది. రెండింటినీ చెరొక డయోడ్ ద్వారా కలిపి, ఆ కలిసిన చోట గేటు నుంచి భూమికి ఒక పెద్ద నిరోధకం పెడితే ఏది ఎక్కువ వోల్టేజీ ఇస్తే అదే గేటును నడుపుతుంది. 20 మిల్లీసెకన్ల పటపట వచ్చినప్పుడు నిదానపు కెపాసిటర్ 18 శాతం మాత్రమే నిండుతుంది, వేగపు కెపాసిటర్ చెవిని కాపాడి వెంటనే తప్పుకుంటుంది. మనిషి మాట్లాడుతూ ఉంటే మాత్రం నిదానపుది క్రమంగా నిండి, మాటల మధ్య రొద పైకి ఉబికి రాకుండా గెయిన్‌ను పట్టి ఉంచుతుంది. ఇవి ప్రారంభ విలువలు, మీ చెవికి తగ్గట్టు మార్చుకోండి.

బలహీన స్టేషన్ గట్టి స్టేషన్ రాగానే మాయమవడం గురించి ఒక సూక్ష్మం చెప్పాలి. గెయిన్ తగ్గినప్పుడు ఆ బలహీన సంకేతమూ, చుట్టూ ఉన్న రొదా ఒకే నిష్పత్తిలో తగ్గాయి. వాటి మధ్య తేడా చెడిపోలేదు. చెడింది ధ్వని స్థాయి: మీ గదిలోని ఫ్యాను చప్పుడు కంటే అది కిందికి పోయింది. అందుకే నిజంగా బలహీనమైన స్టేషన్ కోసం కూర్చున్నప్పుడు స్పీకర్ వదిలి చెవులు మూసే హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఏజీసీని స్విచ్‌తో పూర్తిగా తీసేయండి, ఆడియో వాల్యూమ్ ఎక్కువగా ఉంచి ఆర్‌ఎఫ్ గెయిన్‌ను రొద సన్నగా వినబడేదాకా తగ్గించండి. హఠాత్తుగా గట్టి స్టేషన్ వస్తే చెవి దెబ్బతినకుండా హెడ్‌ఫోన్‌కు అడ్డంగా రెండు సిలికాన్ డయోడ్లను ఎదురెదురుగా, వాటికి ముందు ఒక చిన్న నిరోధకాన్ని పెట్టండి. 0.6 వోల్టు దాటిన ధ్వనిని అవి కత్తిరిస్తాయి. ధ్వని కొంచెం వికారమవుతుంది, కానీ కత్తిరింపుకు జ్ఞాపకం లేదు, గట్టి స్టేషన్ ఆగిన క్షణంలోనే బలహీనమైనది తిరిగి వినబడుతుంది. ఏజీసీ ఎంత బాగా చేసినా ఈ ఒక్క విషయంలో దీనికి సాటి రాదు.

ఎఫ్‌టీ8కు ఏజీసీ తీసేయండి. స్టీవ్ ఫ్రాంకీ, జో టేలర్ 2017లో విడుదల చేసిన ఈ పద్ధతి 15 సెకన్ల సమయంలో సుమారు 50 హెర్ట్జ్ వెడల్పులో సందేశాన్ని పంపుతుంది. 2500 హెర్ట్జ్ వెడల్పులోని రొదతో పోల్చినప్పుడు దానికి 20 డీబీ కింద ఉన్న సంకేతాన్ని కూడా చదవగలుగుతుంది. జంట పల్సార్ పరిశోధనకు 1993లో భౌతిక శాస్త్ర నోబెల్ అందుకున్న ఖగోళ శాస్త్రజ్ఞుడే ఈ జో టేలర్. రొదలో మునిగిన దాన్ని బయటికి తీయడం ఆయన జీవితమంతా చేసిన పని. కంప్యూటర్ సౌండ్ కార్డు 16 బిట్లదైతే సిద్ధాంతపరంగా 90 డీబీకి పైగా పరిధి ఉంటుంది, కాబట్టి దానికి ధ్వనిని సమం చేసి ఇవ్వవలసిన అవసరం లేదు. ఏజీసీ ఉంటే దగ్గరి స్టేషన్ మొదలైనప్పుడూ ఆగినప్పుడూ గెయిన్ కదిలి, ఆ కదలిక బలహీన సంకేతాల మీద కూడా ముద్ర వేస్తుంది, వాటి స్వరాలు స్థిరంగా ఉండవు. ఎఫ్‌టీ8ను చదివే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో రొద మాత్రమే ఉన్నప్పుడు స్థాయి సూచిక 30 డీబీ దగ్గర ఉండేలా ఆడియో సవరించుకుంటే చాలు.

ఆర్‌టీఎల్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రిసీవర్) వాడే ఆలోచన ఉంటే అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దాని డిజిటైజర్ 8 బిట్లది, సుమారు 50 డీబీ పరిధి మాత్రమే. దాని ట్యూనర్‌లోని ఏజీసీ మీరు వినదలచిన సన్నని సంకేతాన్ని కాకుండా, లోపలికి వచ్చిన వెడల్పాటి ముక్కనంతా కొలుస్తుంది. పట్నంలో ఎఫ్‌ఎం ప్రసారాల బలానికి అది గెయిన్ తగ్గిస్తే 145 మెగాహెర్ట్జ్ దగ్గరి బలహీన సంకేతం డిజిటైజర్ మెట్ల కింద పడిపోతుంది, తర్వాత ఏ లెక్కతోనూ తిరిగి రాదు. ట్యూనర్ ఏజీసీ ఆపి, యాంటెన్నా తగిలించినప్పుడు రొద కొద్ది డీబీలు పెరిగేదాకా గెయిన్ పెంచి అక్కడ ఆగండి. ఎఫ్‌ఎం బ్యాండును అడ్డుకునే ఫిల్టర్ ముందు పెడితే ఇంకా మంచిది.

మన దగ్గరే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద, 1024 యాగీ యాంటెన్నాలతో ఆకాశంలోకి పల్సులు పంపి, గాలి పొరల నుంచి తిరిగి వచ్చే అతి సన్నని ప్రతిధ్వనులను వింటుంది. ఇలాంటి రాడార్లలో ప్రతిధ్వని బలమే కొలవవలసిన విషయం. రిసీవర్ తన ఇష్టానికి గెయిన్ మార్చుకుంటే ఏ ఎత్తులో ఎంత బలం వచ్చిందన్న సమాచారమే పోతుంది, కాబట్టి గెయిన్ స్థిరంగానో, ముందే తెలిసిన పద్ధతిలోనో ఉండాలి. బలహీనత్వాన్ని వాళ్లు జయించేది వరుస పల్సుల ప్రతిధ్వనులను దశ చెడకుండా కలపడం ద్వారా. 64 ప్రతిధ్వనులను కలిపితే సంకేతపు వోల్టేజీ 64 రెట్లు, రొద వోల్టేజీ 8 రెట్లు పెరుగుతాయి, శక్తి నిష్పత్తిలో 18 డీబీ లాభం వస్తుంది. మీరు ఫిల్టర్ సన్నబరచినప్పుడు, మోర్స్ నెమ్మదిగా పంపమని అడిగినప్పుడు, ఎఫ్‌టీ8 15 సెకన్లు కూడబెట్టినప్పుడు జరిగేది చిన్న ఎత్తున ఇదే.

మీరు చేసిన మార్పు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి సిగ్నల్ జనరేటర్ అక్కరలేదు. బ్యాండులో ఏ స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, హెడ్‌ఫోన్ దగ్గర రొద వోల్టేజీని మల్టీమీటర్ ఏసీ రేంజిలో చూడండి. చౌక మీటర్లు ఆడియో ఫ్రీక్వెన్సీల దగ్గర సరైన విలువ చూపకపోయినా నిష్పత్తికి పనికొస్తాయి. ఆ కత్తిరించే డయోడ్లు అప్పుడు పనిచేయనంత తక్కువగా వాల్యూమ్ ఉంచండి. తర్వాత యాంటెన్నా తీగలో 10 డీబీ అటెన్యుయేటర్ వేయండి. ఏజీసీ రొదను ముట్టుకోకుండా ఉంటే వోల్టేజీ మూడో వంతుకు కొంచెం తక్కువగా, 0.32 వంతుకు, పడిపోవాలి. దాదాపు కదలకుండా ఉంటే ఏజీసీ ఇంకా రొద మీదే పనిచేస్తోంది. 10 కిలోఓమ్‌ల ప్రీసెట్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ ఆ మూడో వంతు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూడండి, వచ్చాక అంతకంటే ఇంకాస్త తిప్పి వదిలేయండి, ఎందుకంటే రాత్రి అయ్యేసరికి బ్యాండు రొద పగటి కంటే పెరుగుతుంది.